విన్నిపెగ్‌లో నెనీతా అక్క తొలి చలికాలం

నెనీతా పాల్మారెస్ 1971 నవంబరులో కెనడాలోని విన్నిపెగ్‌లో దిగింది. ఇలోయిలో అనే పట్నం దగ్గర చెరకు తోటల ఊరు ఆమెది. చలికోట్లు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి ఫిలిప్పీన్స్ నుంచి మా ఆడపిల్లలను విమానాల్లో రప్పించుకుంటున్న రోజులవి. ఆమెతో వచ్చినవాళ్లు మరో నలుగురు. ఐదుగురూ ఒకే అద్దె ఇంటి మేడ మీద ఉండేవారు. నేను రెండేళ్ల తర్వాత వచ్చాను కాబట్టి ఇందులో చాలా భాగం వాళ్ల నోట విన్నదే.

వచ్చిన నెలలోనే నెనీతా అందరితో పేచీ పెట్టుకుంది. పొద్దున్నే తలస్నానం చేయనిదే పనికి రానంది. తడితలతో బస్సు కోసం నిలబడితే పది నిమిషాల్లో జుట్టు పుల్లల్లా బిగుసుకుపోయేది. సాయంత్రం పోసుకోమని ఎంత చెప్పినా వినలేదు. "బుద్ధెరిగాక మాసిన తలతో మిషను ముందు కూర్చోలేదు. ఇప్పుడీ చలికి భయపడి కూర్చోనా?" అనేది. చివరికి లోపల తువ్వాలు ముక్క, బయట ఉన్ని పెట్టి, చెవులు మూసేలా టోపీ కుట్టుకుంది. బస్సులో పిల్లలు చూసి నవ్వితే తనూ నవ్వేది కానీ, టోపీ మాత్రం తీసేది కాదు.

జనవరిలో అసలు చలి దిగింది. సున్నాకు కింద ముప్పై ఎనిమిది డిగ్రీలు. కనురెప్పలు ఒకదానికొకటి అంటుకునేవి. ఐదుగురిలో చిన్నది లొరేతా. పంతొమ్మిదేళ్లు. చర్చివాళ్లిచ్చిన పాతకోటు తప్ప ఆమెకు మరొకటి లేదు. ఒకరోజు ఫ్యాక్టరీకి చేరేసరికి చెవితమ్మె తెల్లబడి మొద్దుబారిపోయింది. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది.

"నేను పోతానక్కా. పొద్దస్తమానం ఊళ్లోవాళ్లందరికీ కోట్లు కుడతాం. మన ఒంటి మీద ఏముందో చూడు."

నెనీతా ఓదార్చలేదు. "ఒక్క వారం ఆగవే. అప్పటికీ పోతానంటే నీ పెట్టె నేనే మోస్తా" అంది.

మర్నాడు సూపర్వైజరు స్టెఫానియా దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఉక్రెయిన్ మనిషి, నోరు పదును. వేడిదేశం పిల్లలు ఫిబ్రవరి దాకా నిలవరని అందరి ముందూ అనేది. కుట్టు తప్పిందని పక్కన పడేసిన కోటు ఒకటి ఇప్పించమని నెనీతా అడిగింది. వేసుకోవడానికి కాదు, విప్పి చూడటానికట. స్టెఫానియా ఎగాదిగా చూసి కోటు ఇచ్చింది, పని అయ్యాక గంటసేపు మిషను వాడుకోనిచ్చింది.

కుట్టు కుట్టూ విప్పింది నెనీతా. కోటు మందంగానే ఉంది. గాలి దూరుతున్నది మణికట్ల దగ్గర, జిప్పు సందుల్లోంచి. పాత ఊలు మేజోళ్లు కత్తిరించి చేతుల లోపల బిగుతు పట్టీలు వేసింది. జిప్పు వెనక అడ్డంగా మరో మడత కుట్టింది. నడుము దగ్గర లోపలే తాడు దూర్చింది. ఇంటికొచ్చేసరికి మిగతావాళ్లు అల్లం వేసిన కోడిగంజి వేడిగా ఉంచేవారు.

ఏడో రోజు లొరేతా ఆ కోటు వేసుకుని బస్సు కోసం నిలబడింది. బస్సు అరగంట ఆలస్యం. తక్కినవాళ్లు కాళ్లు నేలకేసి కొట్టుకుంటున్నారు. లొరేతా మెల్లగా అంది: "అక్కా, వీపు మీద కాస్త చెమట పడుతోంది."

అందరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

ఫ్యాక్టరీలో స్టెఫానియా ఆ కోటు విప్పించుకుని, లోపలివైపు తిరగేసి చాలాసేపు చూసింది.

"నీకెవరు నేర్పారమ్మాయ్?"

"మీరిచ్చిన కోటేనండీ. విప్పుతుంటే అదే చెప్పింది."

ఆవిడ కోటు మడిచి తిరిగిచ్చింది. సోమవారం నాడు నెనీతాను కొత్త నమూనాలు కుట్టే బల్ల దగ్గరికి మార్చింది. మరుసటి ఏడు ఫ్యాక్టరీ కోట్లన్నిటికీ చేతుల లోపల పట్టీలు వచ్చాయి. వాటి మీద ఆమె పేరు లేదు. అయినా వీధిలో ఆ కోటు వేసుకున్న మనిషి ఎదురైతే మేం ఒకరినొకరం మోచేత్తో పొడుచుకునేవాళ్లం.

అప్పటినుంచి మా ఊళ్ల నుంచి ఎవరొచ్చినా, నెనీతా విమానాశ్రయంలో చేతిమీద కోటుతో నిలబడేది. నాకు ముదురు గోధుమరంగుది తెచ్చింది. చేతులు పొడుగయ్యాయన్నాను.

"లోపల స్వెట్టరు వేస్తే సరిపోతాయి. వంకలు పెట్టక వేసుకో, బయట గాలి నీ ముచ్చట్లు వినదు" అంది.

లొరేతా ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఆమె మనవలు గడ్డకట్టిన నది మీద స్కేటింగ్ చేస్తున్నారు. ఇక స్టెఫానియా పని మానేశాక నెనీతాయే ఆ ఫ్యాక్టరీకి సూపర్వైజరైంది. మావాళ్లలో ఆ పదవికి ఎక్కిన మొదటి మనిషి ఆమే. పదిహేడేళ్లు చేసింది.