బంపరు దాటని గొట్టం

ఈ విషయం రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పుడు బందరులోనూ గుడివాడలోనూ ఏ వర్క్‌షాపుకి వెళ్ళినా కుర్రవాళ్ళు ఫోనులో వీడియో చూపించి, మా బండి ఇలా పలకాలి అని అడుగుతున్నారు. మిస్త్రీలు సైలెన్సరు కోసి ఇస్తున్నారు. ఎక్కడ కోయకూడదో చెప్పేవాళ్ళు తక్కువ. నాకు అది తెలిసిన విధం గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా తెలుగులో ఈ పని గురించి రాసినవాళ్ళు నాకు కనపడలేదు గనుక నేనే రాస్తున్నాను.

కోవిడ్ రావడానికి ముందటి ఏడాది, మార్చి నెల. నేను బందరులో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. మా దగ్గర హెల్పరు, ఫిట్టరు, మిస్త్రీ, పైన ఫోర్‌మన్, ఇదీ వరస. బండి బయటికి వెళ్ళేముందు జాబ్ కార్డు మీద చివరి సంతకం ఫోర్‌మన్‌ది. ఆ సంతకం పడ్డాక తప్పు ఏదున్నా అది ఫోర్‌మన్ తప్పే. నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో, సాయంత్రాలు, నోటుబుక్కులో ఎక్కించుకున్నదే. ధ్వని మీద ఉన్న రెండు భౌతికశాస్త్రం పుస్తకాలు అట్టలు ఊడేదాకా చదివాను. మా వెల్డింగ్ మిస్త్రీ మీరా సాహెబ్ దానిమీద నన్ను ఆటపట్టించేవాడు. లైబ్రరీ తాళంచెవి మీ మొలతాడుకే ఉంటుందా గురువుగారూ అనేవాడు.

ఆ నెలలో పెదపారుపూడి వైపు నుంచి కోటేశ్వరరావు గారనే రైతు ఒక కారు తెచ్చారు. నాగాయలంకలో రొయ్యల చెరువులు చేసి బాగుపడ్డ మనిషి. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న అమెరికా బండి అది, మజిల్ కారు అంటారు. పొడుగు బానెట్టు, దానికింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, వైపుకి నాలుగు. అంతకుముందు ఉంచుకున్నవాళ్ళు శబ్దం కోసం పొగను శుద్ధి చేసే కన్వర్టర్లు పీకించేశారు. అయినా కోటేశ్వరరావు గారికి తృప్తి లేదు. గంటకి ఎనభైలో వెళ్తుంటే లోపల చెవుల్లో తుమ్మెద దూరినట్టు ఒకటే హోరు అనీ, బయటికి మాత్రం గొంతు లేదనీ ఆయన ఫిర్యాదు. లోపలి హోరు పోవాలి, బయట గర్జన రావాలి. శ్రీరామనవమి లోపల కావాలన్నారు.

ఇలాంటి బండికి ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి. ఇంజను మొత్తం మీద పేలుళ్ళు సమాన వ్యవధిలోనే జరుగుతాయి. కానీ ఒక్కొక్క వైపు విడిగా చూస్తే అలా ఉండవు. కుడివైపు రెండు వెంటవెంటనే పేలుతాయి, తర్వాతది కాస్త ఆగి పేలుతుంది. రెండు వైపులకూ రెండు వేరు గొట్టాలు వేస్తే ఆ ఎగుడుదిగుడు అలాగే బయటికి వచ్చి, గుడగుడమని గుండెలో తగిలే శబ్దం అవుతుంది. రెండు గొట్టాలనీ మధ్యలో ఇంటూ గుర్తులా కలిపేస్తే తరంగాలు సర్దుకుని శబ్దం నున్నగా, సన్నగా మారుతుంది. కలపకుండా ఒక చిన్న అడ్డగొట్టంతో జోడిస్తే లావు గొంతు నిలుస్తుంది, ముతకదనం తగ్గుతుంది. మేము అడ్డగొట్టం వేశాం. బయటి గొంతు కుదిరింది.

లోపలి హోరు కుదరలేదు. ఆ వేగంలో ఇంజను నిమిషానికి పద్దెనిమిది వందల చుట్లు తిరుగుతుంది, చుట్టుకి నాలుగు పేలుళ్ళు, అంటే సెకనుకి నూట ఇరవై. ఆ స్వరానికి వెనక గొట్టం వేణువులాగా వంత పాడుతోంది. చివర మూసిన పక్కగొట్టం ఒకటి అతికిస్తే ఆ స్వరం చచ్చిపోతుంది. కానీ వేడి వాయువులో శబ్దం చల్లని గాలిలో కంటే వేగంగా పోతుంది గనుక ఆ పక్కగొట్టం మీటరు దాటి ఉండాలి. బండి కింద అంత జాగా లేదు. నోటుబుక్కు తీసి రెండోదారి వెతికాను. గొట్టం పొట్టిదైతే అది పలికే స్వరం పైకి పోతుంది, నడిపే వేగాల్లో తగలదు. వెనక ఇరుసు దాటి బంపరు దాకా వెళ్ళే భాగాన్ని తీసేసి, వెనక చక్రాల ముందే రెండు పక్కలకీ మూతులు తిప్పితే సరి. లెక్క అచ్చంగా కుదిరింది.

మీరా సాహెబ్ గొట్టం మీద సుద్దముక్కతో గీత గీసి, మిషన్ ఆన్ చేయకుండా నిలబడ్డాడు.

"ఇక్కడ కోస్తే పొగ ఎటు పోద్దండీ?"

పెట్రోలు బండికి పొగేముంది, కొయ్యి అన్నాను. కోశాడు.

జాబ్ కార్డులో ఎగ్జాస్టు పనికి మూడు గడులు ఉండేవి. జాయింట్లు కారుతున్నాయా లేదా. దానికి మూతిలో తడి గోనె కుక్కి, ఎక్కడైనా బుస్సుమంటోందేమో వింటాం. ఎక్కడా కారలేదు. రెండోది, గొట్టాన్ని వేలాడదీసే హ్యాంగర్లు బిగువుగా ఉన్నాయా. ఉన్నాయి. మూడోది, గొట్టం చివర బంపరు దాటి ఉన్నదా. ఆ గడిలో 'లేదు' అని రాయాలి. రాస్తే బండి బయటికి వెళ్ళకూడదు. నేను 'డిజైను ప్రకారం' అని రాసి సంతకం పెట్టాను. ఆ మాట రాసినప్పుడు నాకు కలిగింది సంకోచం కాదు, గర్వం.

కోటేశ్వరరావు గారు చాలా సంతోషించారు. డిక్కీలో పెద్ద స్పీకర్లు కూడా పెట్టించుకున్నారు. వేరే షాపువాళ్ళు వాటి వైర్ల కోసం అడుగు రేకుకి కన్నం వేసి, రబ్బరు మూత పెట్టకుండా వదిలేశారు. అది మాకు తర్వాత తెలిసింది.

ఆ బండికి డ్రైవరు నాంచారయ్య. కోడూరు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ ఏదో ఒకటి నవ్వుతూ చెప్పే రకం. వారం తర్వాత ఆయిలు మార్పించడానికి వచ్చి నాతో తలనొప్పిగా ఉంటోందని అన్నాడు. హోరు ఇంకా ఉందా అని అడిగాను. లేదన్నాడు.

"నడిపేటప్పుడు ఏం లేదు ఫోర్‌మన్ గారూ. ఏసీ వేసుకుని ఆగి కూర్చుంటేనే పట్టేస్తంది."

లావు స్వరాలు చెవికి వినపడకపోయినా తలకి తగులుతాయని పుస్తకంలో ఉందని వివరించి, అలవాటైపోతుందని పంపేశాను. ఇంకో పది రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి వాంతి వచ్చినట్టు కూడా ఉంటోందన్నాడు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చాను. అతను చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. శబ్దం వల్ల వచ్చే నొప్పి అయితే నడిపేటప్పుడు రావాలి, ఆగినప్పుడు తగ్గాలి. నా లెక్క ప్రకారమే అలా ఉండాలి. అతని మాట దానికి సరిగ్గా తిరగబడి ఉంది. నేను లెక్కని నమ్మి మనిషిని తోసేశాను.

నవమి తర్వాత ఒక మంగళవారం కోటేశ్వరరావు గారి కుటుంబం మోపిదేవి గుడికి వెళ్ళారు. క్యూ పెద్దది. నాంచారయ్య బండిని నీడ కోసం ఒక ప్రహరీగోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి, అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళు దర్శనం చేసుకుని వచ్చేసరికి స్టీరింగు మీద తల వాల్చి, పిలిస్తే పలకడం లేదు. ఇంజను ఆపి, ఆటోలో అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ రోజు అతను ఉపవాసం, పైగా ఎండ. వడదెబ్బ అన్నారు. బండి తీసుకురావడానికి మనిషిని పంపమని మా ఓనరు ప్రసాదు గారికి ఫోను చేశారు. నన్నూ మీరా సాహెబ్‌నీ పంపారు.

మోపిదేవిలో చూస్తే గొట్టం పక్కమూతి గోడకి జానెడు దూరంలో ఉంది. మీరా సాహెబ్ వెళ్ళి కొట్లో అగరొత్తుల కట్ట కొన్నాడు. నేను లోపల కూర్చుని అద్దాలు ఎత్తి ఇంజను స్టార్టు చేశాను. అతను కట్ట వెలిగించి గోడవైపు మూతి దగ్గర పట్టుకున్నాడు. అయిదు నిమిషాలు పట్టలేదు, మూసిన బండిలో డిక్కీ వైపు నుంచి నాకు అగరొత్తి వాసన వచ్చింది. వెంటనే దిగేశాను. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. అది కూడా నా నోటుబుక్కులో ఉంది, వేరే పేజీలో.

అక్కడినుంచే ప్రసాదు గారికి ఫోను చేసి చెప్పాను. డాక్టర్లు వడదెబ్బ అంటున్నారు గదా, వైద్యం జరుగుతోంది గదా, మనం మధ్యలో వెళ్ళి మెడకి చుట్టుకోవడం ఎందుకు, రేపు పొద్దున గొట్టం మార్చేద్దాం అన్నారు. చెడ్డమనిషి కాదు. షాపులో పన్నెండుమంది బతుకుతున్నారు. ఫోను పెట్టేశాక మీరా సాహెబ్ నా వైపు చూశాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అవనిగడ్డకి బండి అద్దాలన్నీ దించి నడిపాను. ఆస్పత్రిలో నాంచారయ్యకి సెలైను ఎక్కుతోంది, నుదుటి మీద తడిగుడ్డ ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి ఉంది, దానిమీద తొంభై ఎనిమిది కనపడుతోంది. ఊపిరి బాగానే ఉందండీ, కంగారుపడకండి అన్నారావిడ. కోటేశ్వరరావు గారూ, నాంచారయ్య భార్యా పక్కనే ఉన్నారు. వాళ్ళందరి ముందే చెప్పాను.

"వడదెబ్బ కాదేమోనండీ. బండి పొగ లోపలికి వచ్చింది. ఆ గొట్టం కోయించింది నేనే."

ఎందుకు కోయించావని ఆవిడ నన్ను అడగలేదు. ఎంతసేపు కూర్చున్నాడు, అంతకుముందు తలనొప్పి, వాంతులు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఆ గ్యాసుకీ ఆక్సిజన్‌కీ ఈ క్లిప్పుకి తేడా తెలియదు అంటూ మాస్కు తెప్పించి పూర్తి ఆక్సిజన్ పెట్టారు. గంటలో విజయవాడ పంపించారు. నాంచారయ్య భార్య అతని చెప్పులు చేతపట్టుకుని వెంట వెళ్ళింది. అంబులెన్సు కదిలేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను.

అతను బతికాడు. మూడు నెలలపాటు పేర్లు గుర్తుండేవి కావు, చేతులు వణికేవి. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఇప్పుడు నాగాయలంకలో చెరువుల మీద మేత లెక్క చూస్తున్నాడు. బండికి మేము పూర్తి గొట్టం వేసి, బంపరుకి బయట మూతి పెట్టాం. హోరు మళ్ళీ వచ్చింది. కోటేశ్వరరావు గారు దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ప్రసాదు గారు నన్ను తీసెయ్యలేదు. రిటైరయ్యేదాకా ఫోర్‌మన్‌గానే ఉన్నాను. జాబ్ కార్డులో మూడో గడిని ఉంది, లేదు అనే రెండే మాటలతో అచ్చు వేయించాను, మరో మాట రాయడానికి చోటు లేకుండా. నాలుగో గడి కొత్తగా చేర్చాను: బండిలో కూర్చునే మనిషికి ఒంట్లో తేడా ఏమైనా ఉందా. అది ఓనరుని కాదు, డ్రైవరుని అడగాలి. ఎగ్జాస్టు గొట్టం మొదటి పని విషాన్ని మనుషులకి దూరంగా మోసుకెళ్ళడం. పాడటం దాని రెండో పని. నేను పుస్తకాల్లో రెండోది వెతికాను గనుక రెండోదే దొరికింది.

ఈ పాఠం రాయడానికి సాయపడినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలి. పాత పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం సుశీల గారికి. తన పేరు రాయడానికి ఒప్పుకున్న కోటేశ్వరరావు గారికి, వద్దనకపోయిన ప్రసాదు గారికి. కొలతలన్నీ నాకంటే బాగా గుర్తుపెట్టుకున్న మీరా సాహెబ్‌కి. ఆ డాక్టరమ్మకి, పేరు అడగడం అప్పుడు తోచలేదు. చివరగా నాంచారయ్యకి. రాస్తున్నానని చెప్పడానికి నాగాయలంక వెళ్ళాను. నేను చదివి వినిపించిందంతా విని, గట్టు మీద కూర్చుని ఒక్క మాటే అడిగాడు. "నేను మీకు రెండుసార్లు చెప్పానని ఉందా అందులో?" ఉంది నాంచారయ్యా. రెండుసార్లు చెప్పావు.