తడికల దారి

మా నాయనమ్మ పేరమ్మ పగటిపూట మంచినీళ్ళు తాగేది కాదు. తెల్లవారుజామున ఒక చెంబు, చీకటి పడ్డాక ఒక చెంబు, అంతే. చేపల గంప నెత్తిన పెట్టుకుని కైకలూరు పోయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో గొంతు చించుకుని బేరాలాడి, ఇంటికి తిరిగొచ్చేదాకా నోట్లో చుక్క పోసుకునేది కాదు. అదేదో దేవుడు తనకొక్కదానికే ఇచ్చిన వరమన్నట్టు చెప్పుకునేది. ఏ ఇంటి కోడలైనా పగలు కుండ దగ్గరికి పోతే, ఏం, నాట్లేసి వచ్చావా అని మూతి తిప్పేది. మనిషి మంచిదే. నోరే మంచిది కాదు.

మాది కొల్లేటిలో ఒక లంక. వేసవిలో గట్టుమీద బండి నడుస్తుంది. వానాకాలం వాగులూ కాలవలూ కొల్లేట్లోకి దిగితే చుట్టూ నీళ్ళే. అప్పుడు కాలు బయట పెట్టాలంటే తాటిదోనె ఎక్కాలి. బహిర్భూమికి మగవాళ్ళకు ఎక్కడైనా చెల్లుతుంది. ఆడవాళ్ళు మాత్రం కోడి కూయకముందే నలుగురైదుగురు ఒక దోనెలో కూర్చుని, జమ్ము పెరిగిన దిబ్బ దగ్గరికి పోయి వచ్చేవాళ్ళు. వెలుగొచ్చిందంటే ఇక చీకటి పడేదాకా ఓర్చుకోవాల్సిందే. పగలంతా నీళ్ళమీద మగవాళ్ళు తిరుగుతుంటారు.

మా అమ్మ వీరమ్మ ఆ లంకకు కోడలై వచ్చింది యుద్ధం రోజుల్లో, కిరసనాయిలు కార్డు మీద కొలిచి పోసే కాలంలో. పుట్టిల్లు బందరు దగ్గర సముద్రపొడ్డు. వాళ్ళదీ చేపల బతుకే గానీ, నీళ్ళమీదికి పోయేది మగవాళ్ళే. ఆడవాళ్ళు చేపలు దించుకుంటారు, ఎండబెడతారు, అమ్ముతారు. పడవ ఎక్కరు. కడుపుతో ఉన్న మనిషైతే పడవ అంచుమీద చెయ్యి కూడా వెయ్యదు. వేస్తే ఆమె మొగుడు నీళ్ళమీదినుంచి తిరిగిరాడని వాళ్ళ ఇంట్లో నమ్మకం. ఆ మాట పైకి అనడం కూడా కీడే. అందుకని మా అమ్మ ఎవరికీ చెప్పలేదు.

నేను ఆమె కడుపులో ఏడో నెలలో ఉండగా వరద వచ్చి గట్టు మునిగింది. తెల్లవారుజామున ఆడవాళ్ళు దోనెలోంచి పిలిస్తే మా అమ్మ ఒక రోజు నడుం నొప్పి అనేది, ఇంకో రోజు నిద్ర అనేది. ఇంటి వెనక మోకాటి లోతు నీళ్ళలోకి ఒక్కతే పోయి, పాములకు భయపడి వెంటనే తిరిగొచ్చేది. వెళ్ళే అవసరమే రాకుండా ఉండాలంటే తినకూడదు, తాగకూడదు అనుకుంది. అన్నం సగానికి తగ్గించింది. నీళ్ళు గొంతు తడుపుకునేంతే. కడుపుతో ఉన్నవాళ్ళకు మలబద్ధకం మామూలే, దానికి ఇది తోడైంది. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. కూర్చోలేదు, పడుకోలేదు.

మా నాయనమ్మకు ఇందులో కనపడింది ఒకటే, పుట్టింటి గారాబం. రెండు రోజులు సణిగింది. కోడలి ముఖం పాలిపోయేసరికి భయం పట్టుకుంది. భయపడితే ఆవిడ చేసే పని కూడా ఒకటే, ఆముదం పట్టడం. లంకలో ఆవిడ చేతి ఆముదం తాగని పిల్లలు లేరు. జలుబుకూ అదే, జ్వరానికీ అదే, అబద్ధం చెప్పినా అదే. గిన్నెలో ఆముదం వెచ్చబెట్టి కోడలి తల ఒళ్ళోకి తీసుకుంటుండగా సువార్తమ్మ గారి పడవ వచ్చి ఆగింది.

సువార్తమ్మ గారు మిషనాసుపత్రి నర్సు. వరదల్లో లంకలు తిరిగి కడుపుతో ఉన్నవాళ్ళను చూసిపోయేది. గిన్నెను ముందు పక్కకు జరిపింది. నెలలు నిండకుండా ఆముదం పడితే నొప్పులు రావచ్చనీ, బిడ్డ ఇప్పుడే బయటపడితే దక్కడం కష్టమనీ చెప్పింది. మా అమ్మ పొట్ట తడిమి చూసి, ఇది కడుపు బిగదీయడమే గానీ పురిటి నొప్పులు కావని తేల్చింది. కాచి చల్లార్చిన నీళ్ళు రోజంతా తాగుతుండమంది. తోటకూర, బచ్చలికూర, అరటిపండ్లు తినమంది, కాస్త నడవమంది. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చినప్పుడు ఆపుకోవద్దంది.

"ఆపుకోక ఏం చేస్తదండీ, చుట్టూ నీళ్ళుంటే? దోనె ఎక్కమంటే ఎక్కదు," అంది నాయనమ్మ.

అప్పుడు మా అమ్మకు ఏడుపు ఆగలేదు. నన్ను పోగొట్టుకుంటానన్న భయం ఒక పక్క, నాన్నను పోగొట్టుకుంటానన్న భయం ఒక పక్క.

"నేను దోనె ఎక్కితే ఆయన తిరిగిరాడత్తా. మా ఇంట్లో ఎవరూ ఎక్కరు."

"బాగానే ఉంది. ఈ లంకలో ఆడోళ్ళం దోనెల్లోనే పెరిగాం. మా మగోళ్ళందరూ..." అని ఆగిపోయింది నాయనమ్మ. మా తాత గాలివానలో కొల్లేట్లోనే పోయాడు.

"మీకా పట్టింపు లేదత్తా. నాకుంది. ఏమన్నా అయితే నావల్లే అయిందనుకుంటా, బతికినన్నాళ్ళూ."

కోడల్ని ఎత్తి దోనెలో కూర్చోబెట్టడం నాయనమ్మకు పెద్ద పనేం కాదు, అంత సత్తువ ఉంది. కానీ మొగుణ్ణి చంపుకుంటున్నానని వణికిపోయే మనిషికి దిబ్బ ఎక్కినా కడుపు కదలదని తోచింది. తాత తిరిగిరాని ఆ గాలివాన రోజు నుంచీ, గడపలో కూర్చుని నీళ్ళవైపు చూస్తూ వణకడం ఆవిడకు తెలియంది కాదు.

మర్నాడు పొద్దున్నే చీర బిగించి నీళ్ళలోకి దిగింది. వరదలప్పుడే మాకు చేపలు. వాటిని మళ్ళించడానికి మా నాన్న కాశీరావు నీళ్ళలో వెదురు తడికలు బారుగా పాతాడు. ఏడాది తిండి వాటి దగ్గరే దొరకాలి. నాయనమ్మ ఆ తడికలన్నీ పీకేసింది. ఇంటి వెనకనుంచి దిబ్బదాకా గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, తడికలు పొరలు పొరలుగా పరవడం మొదలుపెట్టింది. నాన్న వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది? చేపలన్నీ పోతన్నయ్యి."

"పోనీరా. నీ పెళ్ళాం నడవాల."

అంతకుమించి చెప్పలేదు. అసలు సంగతి కొడుకు చెవిన వేస్తే నిజంగానే కీడేమోనని ఆవిడకూ అనిపించిందో ఏమో. నాన్న కాసేపు గొణిగి, తర్వాత తనూ దిగి గుంజలు పాతాడు. పగలు వెళ్ళినా ఎవరికీ కనపడకుండా దిబ్బమీద జమ్ముతో దడి కట్టారు.

మొదటిరోజు మా అమ్మ తడికలమీద మెల్లగా అడుగులేస్తుంటే, నాయనమ్మ పక్కన నడుం లోతు నీళ్ళలో చెయ్యి పట్టుకుని నడిచింది. తిడుతూనే నడిచింది. కాచిన నీళ్ళు, తోటకూర, చక్రకేళీ పండ్లు ఒక్క పూటలో మాయ చెయ్యలేదు. నాలుగు రోజులు ఓపిక పట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున మా అమ్మ దడి వెనకనుంచి నవ్వుకుంటూ వచ్చింది. కాపరానికి వచ్చాక అత్తగారి ఎదుట అలా నవ్వడం అదే మొదలు. నేను నెలలు నిండాకే, మార్గశిరంలో పుట్టాను. ఆ యేడు మా ఇంట్లో చేపలు మాత్రం తక్కువే.

ఈలోగా లంకలో ఆడవాళ్ళు ఆ దారి పట్టారు. ముందు కడుపుతో ఉన్న ఇంకో పిల్ల, తర్వాత మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ, తర్వాత అందరూ. చీకట్లో కాదు, పట్టపగలే. వచ్చినవాళ్ళు మా గడపలో కూర్చుని ఒక్కొక్కరే మాట బయటపెట్టారు. వరదలొస్తే తామూ నీళ్ళు మానేస్తామనీ, ఏళ్ళ తరబడి ఇదే బాధ పడుతున్నామనీ. కాశీరావు కడుపున ఉన్నప్పుడు తనకూ ఇంతేననీ, ఆడపుట్టుక పుట్టాక ఇదంతా మామూలే అనుకున్నాననీ వాళ్ళు వెళ్ళాక నాయనమ్మ కోడలితో అంది.

తర్వాత లేచి కుండ దగ్గరికి పోయింది. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. చెంబు ముంచుకుని, నిలబడే గటగటా తాగింది. మళ్ళీ ముంచింది.

"పగటిపూట నీళ్ళు ఇంత బాగుంటయ్యా వీరమ్మా?" అంది.