చేపల బుట్ట పక్కన అనాటమీ

అది 2023. మధురవాడలోని ఒక నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎం మొదటి సంవత్సరం పిల్లలకి అనాటమీ, ఫిజియాలజీ చెబుతుండేదాన్ని. ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో చెప్పేది అనాటమీ, అది ఎలా పనిచేస్తుందో చెప్పేది ఫిజియాలజీ. పుస్తకం ఇంగ్లీషులో, పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు. అంచేత మొదటి ఏడాది ఈ సబ్జెక్టే వాళ్లని ఏడిపించేది.

ఆ బ్యాచిలో రత్నం అనే అమ్మాయి ఉండేది. జాలరిపేట నుంచి సిటీ బస్సులో వచ్చేది. క్లినికల్ పోస్టింగులో, అంటే ఆసుపత్రి వార్డులో పని నేర్చుకునే రోజుల్లో, ఎంత చురుగ్గా ఉండేదో క్లాసులో అంతగా కునికిపాట్లు పడేది. ఇంటర్నల్ పరీక్షలు వరసగా తప్పింది. ఒకరోజు స్టాఫ్ రూముకి పిలిచి అడిగాను.

"ఇంట్లో పుస్తకం తీస్తున్నావా, లేదా?"

"తీత్తన్నాను మేడమ్. తెల్లారకముందే అమ్మతో హార్బర్‌కి ఎల్తాను. ఏలంపాటలో సేపలు కొని, శుబ్బరం సేసి, అమ్మని కంచరపాలెం బజార్లో దిగబెట్టి ఇక్కడికొత్తాను. సాయంత్రం పుస్తకం ముందర కూకుంటే కళ్లు మూతలు పడిపోతన్నాయి." మెల్లగా అంది, "ఈసారి కూడా తప్పితే రొయ్యల కంపెనీలో పనికి పెట్టేత్తానన్నాడు మా మావయ్య."

"చేపలు శుభ్రం చేసేంతసేపూ ఏం చేస్తావు?"

ఆమె మొహంలో సిగ్గు కనిపించింది. "పాడ్‌కాస్ట్‌లు వింటాను మేడమ్. దెయ్యం కతలు."

పాడ్‌కాస్ట్ అంటే నాకప్పటికి సరిగ్గా తెలియదు. తనే చెప్పింది. రేడియో లాంటిదేనట, కాకపోతే మనకి కుదిరినప్పుడు ఫోనులో వినొచ్చు, ఆపొచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లొచ్చు. చేతులు చేపల మీద ఉన్నా చెవులు ఖాళీగానే ఉన్నాయన్నమాట. నాకు ఆశ పుట్టింది. ఇద్దరం కూర్చుని నర్సింగ్ పాఠాలు వెతికాం. దొరికినవన్నీ ఇంగ్లీషులో, అదీ పరుగులాంటి ఇంగ్లీషులో. రత్నం ఫోను పక్కన పెట్టేసి, "మీరే సెప్పకూడదా మేడమ్?" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో చీరల బీరువా తలుపులు తెరిచి, అందులోకి తల దూర్చి గుండె గురించి పాఠం రికార్డు చేశాను. బట్టల మధ్య మాట్లాడితే గొంతు మారుమోగదని ఎవరో చెప్పారు. మా ఆయన చూసి నవ్వి, నాకు మతి పోయిందేమోనన్నారు. నేను మాత్రం గొప్ప పని చేశాననుకుని పంపించాను.

మర్నాడు రత్నం నసుగుతూ వచ్చింది. "మేడమ్, కోప్పడకండి. అమ్మ కూడా విన్నాది. ఆవలింతలొచ్చాయంది."

"ఏం, గొంతు బాగోలేదా?"

"గొంతు బాగుందట. 'ఆవిడ పాటికావిడ సెప్పుకుంటూ పోతాది గాని, మనం ఏటడగాలో అడగనివ్వదు' అన్నాది."

ముందు చురుక్కుమంది, తర్వాత నవ్వొచ్చింది. నిజమే మరి. నేను పుస్తకంలో ఉన్నదాన్ని తెలుగులో చదివానంతే. "అయితే నువ్వే మీ అమ్మకి చెప్పు. ఆవిడ ఏమడిగితే అది అడగనీ. ఆవిడ ఒప్పుకుంటే రికార్డు చేసి తీసుకురా" అన్నాను.

వారం తిరిగేసరికి తెచ్చింది. పాఠం కిడ్నీల గురించి. వెనకాల రైలు కూత, చేపల మీద నీళ్లు చల్లుతున్న చప్పుడు, బేరం కుదరక వెళ్లిపోతున్న ఎవరిదో గొణుగుడు. వాటి మధ్య తల్లీకూతుళ్ల మాటలు.

"కిడ్నీ రక్తాన్ని వడకడతాదమ్మా. అక్కర్లేనిది నీళ్లలో కలిపి బయటికి పంపేత్తాది. వడకట్టే ఆ సన్నటి జల్లెళ్లని నెఫ్రాన్లంటారు."

"మరి నాను ఎండలో కూకున్నరోజు తక్కువొత్తాదేటే? పచ్చగా కూడా ఉంటాది."

"సెమటలో నీళ్లు పోయాయి కదా. ఒంట్లో నీళ్లు తగ్గాయని మెదడుకి తెలిసిపోద్ది. పారబొయ్యకు, దాసుకో అని కిడ్నీకి సెప్తాది."

"ఎలాగ సెప్తాదే? ఫోన్ సేత్తాదేటి?"

రత్నం పకపకా నవ్వింది. "రక్తంలో కబురంపుతాదమ్మా. ఆ కబురు పేరు ఏడీహెచ్. అదొక హార్మోను."

"ఓలమ్మా! నాకు తెలవకుండా నా ఒంట్లో ఇన్ని కబుర్లు నడుత్తన్నాయా!"

స్టాఫ్ రూములో ఒక్కదాన్నీ కూర్చుని పైకే నవ్వేశాను. ఏడీహెచ్ గురించి పరీక్షలో ఒక్క ముక్క రాయలేకపోయిన పిల్ల, అమ్మ అడిగితే ఇలా చెప్పింది! ఒకటి రెండు చోట్ల తప్పులు దొర్లాయి. వాటిని సరిచేస్తూ చివర్లో నా మాటలు నాలుగు కలిపాను.

క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడదామంటే మాత్రం రత్నం భయపడిపోయింది. "మా మాట విని నవ్వుతారు మేడమ్. ఇప్పటికే హాస్టల్లో వాళ్లు నన్ను ఏటి, ఏటి అని ఏడిపిత్తన్నారు." అందులో తల్లి పోలమ్మ గొంతు కూడా ఉంది కాబట్టి ఆవిడకి ఫోను చేశాను. "సేపలమ్మే గొంతమ్మా ఇది, సదువుకున్నోలు వింటారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, "వింటే పెట్టండి, మా పిల్లకి మంచిదే కదా" అంది. తల్లి సరేనన్నాక రత్నం కూడా ఒప్పుకుంది.

క్లాసులోనే వినిపించాను. 'ఫోన్ సేత్తాదేటి' దగ్గర గదంతా గొల్లుమంది. రత్నం తల దించేసుకుంది. పొరపాటు చేశానా అనుకుంటూ ఉండగానే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, నాకు ఏడీహెచ్ ఇప్పుడర్థమైంది. ఇంకోసారి పెట్టండి." మరో అమ్మాయి రత్నం వైపు తిరిగి, "ఊపిరితిత్తుల గురించి కూడా మీ అమ్మకి చెప్పవే" అంది. అప్పుడు తలెత్తింది రత్నం. ఆ మొహం చూసి తీరాల్సిందే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గ్రూపులో ఒక పాఠం వచ్చేది. హాస్టల్ పిల్లలు బట్టలు ఉతుక్కుంటూ, బస్సుల్లో నిలబడి, జడలు వేసుకుంటూ వినేవారు. అర్థంకాని చోట వెనక్కి తిప్పి మళ్లీ వినేవారు. క్లాసులో నన్ను రెండోసారి అడగడానికి మొహమాటపడే పిల్లలకి అదొక పెద్ద సదుపాయం. అలాగని చెవులతోనే పాసైపోరు. నెఫ్రాన్ బొమ్మ గియ్యాలంటే పుస్తకం తెరవాల్సిందే. కానీ అంతకుముందు భయంతో తెరిచే పుస్తకాన్ని రత్నం ఇప్పుడు ఒక ప్రశ్న పట్టుకుని తెరిచేది. ఆదివారం అమ్మ అడిగినదానికి తను తెల్లమొహం వేస్తే, సోమవారం లైబ్రరీలో కనిపించేది.

ఏడాది చివరి పరీక్షలో రత్నం పాసైంది. క్లాసు ఫస్టేమీ రాలేదు. అనాటమీలో మాత్రం ముందు వరసలోనే ఉంది. రొయ్యల కంపెనీ మాటెత్తిన మావయ్యే మిఠాయి పొట్లం పట్టుకుని స్కూలుకొచ్చాడు.

మా స్కూల్లో దీపం వెలిగించి ప్రమాణం చేసే వేడుక ఆ ఏడు ఆలస్యమై, పరీక్షల తర్వాత జరిగింది. తల్లిదండ్రులంతా వచ్చారు. పోలమ్మ కొత్త నేత చీర కట్టుకుని చివరి వరసలో ఒదిగి కూర్చుంది. పిల్లలెవరూ ఆవిడని అంతకుముందు చూడలేదు. దీపాలు వెలిగాయి, హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఉన్నట్టుండి పోలమ్మ పక్కావిడతో, తను గుసగుస అనుకున్న గొంతుతో అంది.

"ఇంత పట్టపగలు దీపాలెందుకమ్మా ఈ పిల్లలకి?"

తెల్ల యూనిఫారాల వరసలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. "పోలమ్మత్తే!" అని ఎవరో అరిచారు. ప్రమాణం అయ్యేదాకా ఎలాగో ఓపిక పట్టి, అవగానే అంతా ఆవిడ చుట్టూ మూగిపోయారు. ఫొటోలు, నవ్వులు, ఒకదాని మీదొకటి ప్రశ్నలు. పోలమ్మ ఉక్కిరిబిక్కిరై, "ఓలమ్మా, ఇంతమంది పిల్లలు నాకెప్పుడు పుట్టారే రత్నం!" అంది. రత్నం నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇన్నేళ్లలో చాలామందికి పాఠాలు చెప్పాను. చెప్పడం అంటే నాకు తెలిసింది అవతలివాళ్ల చెవిలో వెయ్యడమనే అనుకునేదాన్ని. తమకి తెలిసింది ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే పిల్లలకి పాఠం సొంతమవుతుందని ఆ ఏడాది నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజే ఒక పని అప్పగిస్తున్నాను. ఇవాళ నేర్చుకున్నది ఇంట్లో ఎవరికైనా చెప్పండి, వాళ్లు అడిగి మీరు చెప్పలేకపోయింది రేపు నా దగ్గరికి తీసుకురండి. అక్కడి నుంచే పాఠం మొదలుపెడుతున్నాను.