ఎడమకాలి చప్పుడు

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు నన్ను జనరల్ వార్డు నుంచి పాదాల క్లినిక్‌కు మార్చింది నా పదవీ విరమణకు ఏడేళ్ళ ముందు, శ్రావణమాసం మొదట్లో. అప్పటికి నేను సీనియర్ స్టాఫ్ నర్సుని. షుగరు రోగుల కాళ్ళకు రక్తం సరిగా అందుతోందో లేదో చూడడం అక్కడి పని. నా పైన ఒక డ్యూటీ డాక్టరు, ఆయన పైన వారానికోసారి విశాఖపట్నం నుంచి వచ్చే రక్తనాళాల సర్జను. పరీక్ష చేసి ఫారం నింపేది నేను. డ్యూటీ డాక్టరు గారు అంకె చూసి సంతకం పెట్టేవారు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. రోగిని పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టాలి. బీపీ పట్టీ ముందు చేతికి, తర్వాత చీలమండ పైన కట్టి కొలవాలి. పాదం మీద జెల్లీ రాసి పెన్సిలంత డాప్లర్ పరికరం ఆనిస్తే, రక్తం పారే చప్పుడు స్పీకర్లో వినిపిస్తుంది. పట్టీలో గాలి ఎక్కిస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది. గాలి మెల్లగా వదులుతుంటే అది మళ్ళీ మొదలైన చోట అంకె రాసుకోవాలి. కాలి అంకెను చేతి అంకెతో భాగిస్తే ఒకటికి అటూ ఇటూగా రావాలి. బాగా తగ్గితే నాళం పూడుకుపోతోందని లెక్క.

నేను చేరిన రెండో వారంలో సుబ్బారావు గారు వచ్చారు. బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ఆయనది. అరవై దాటిన మనిషి, పాతికేళ్ళ షుగరు. పొద్దస్తమానం కొట్లో కూర్చునే వ్యాపారం కనుక నడక తక్కువ. వీధి చివరిదాకా నడిస్తే ఎడమ పిక్క పట్టేస్తోందని, కాసేపు నిలబడితే పోతోందని చెప్పారు. వెంట భార్య మాణిక్యమ్మ గారు కూడా వచ్చారు. రెండేళ్ళ కిందట ఆవిడకు కడుపులో గడ్డ తీసినప్పుడు, గండం గట్టెక్కితే చెప్పుల్లేకుండా కోరుకొండ గుడి మెట్లెక్కుతానని ఆయన మొక్కుకున్నారట.

"ఎక్కొచ్చో లేదో మీరు చెప్పండి సిస్టర్ గారూ. వద్దంటే మానేస్తాను" అన్నారు. ఆయన తెలుసుకోవాలని వచ్చింది ఆ ఒక్క మాటే.

కుడికాలు బాగానే ఉంది. ఎడమకాలి దగ్గర చప్పుడు మారింది. ఆరోగ్యంగా ఉన్న నాళం ఒక్కో గుండె దెబ్బకు రెండు మూడు విరుపులతో పలుకుతుంది. ఇది మొద్దుగా, ఒకే ఊపులో వస్తోంది. నాకంటే ముందు దాన్ని పట్టుకున్నది ఆయనే. బిందెను వేలితో కొట్టి విని, ఎక్కడో సన్నటి పగులుందని చెప్పగలిగే చెవి ఆయనది.

"ఏంటండీ, ఈ కాలు వేరేగా పలుకుతోంది?" అని అడిగారు.

అంకె చూశాను. చేతిలో నూటయాభై, ఎడమ చీలమండ దగ్గర నూటఅరవై ఎనిమిది. భాగిస్తే ఒకటికి పైనే వచ్చింది. "అంకె బాగుందండి, భయమేం లేదు" అన్నాను. ఫారంలో అంకెకు గడి ఉంది, చప్పుడుకు లేదు. కొత్త పని తొందరగా పట్టుబడిందన్న ధీమా కూడా నాకు ఉండేది. డాక్టరు గారు నార్మల్ అని సంతకం చేశారు. చప్పుడు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దంపతులిద్దరూ సంతోషంగా వెళ్ళారు.

ఆ శనివారమే ఆయన కొండెక్కారు. పిక్క పట్టినప్పుడల్లా ఆగుతూ ఎక్కి, దిగేసరికి మధ్యాహ్నం అయింది. వాన లేని రోజు కావడంతో రాళ్ళు కాలిపోతున్నాయి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కాబట్టి బొబ్బ లేచినా తెలియలేదు. ఇంటికొచ్చాక చూసుకుని పసుపు రాశారు. రిపోర్టు బాగుంది కదా అని నెల రోజులు అలాగే గడిపారు.

మళ్ళీ మా దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు నల్లబడింది. సర్జను గారు ఎక్స్‌రే తీయించి నన్ను పిలిచి చూపించారు. ఎముకల పక్కన సన్నటి తెల్ల గీతలున్నాయి. రక్తనాళాలు మామూలుగా ఎక్స్‌రేలో కనపడవు. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో నాళం గోడలో సున్నం పేరుకుని బిరుసెక్కుతుంది, ఆ సున్నమే ఇలా గీతల్లా కనపడుతుంది. అలాంటి నాళాన్ని నొక్కడానికి పట్టీలో ఎక్కువ గాలి కావాలి. అందుకని లోపల దారి పూడుకుపోయి రక్తం సన్నగా పోతున్నా అంకె మాత్రం పెద్దదే వస్తుంది. "ఈ అంకె రక్తానిది కాదు సిస్టర్, సున్నానిది" అన్నారాయన. ఫారం మీద ఉన్నది నా దస్తూరీ. ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

నాళాన్ని బెలూనుతో తెరవాలని చూశారు. బెలూను కంటే ముందు నాళంలోకి పంపే సన్నటి తీగ పూడిక దాటి పోలేదు. మోకాలి కింద కాలు తీసేశారు.

నాలుగో రోజు నేను డ్రెస్సింగ్ చేసి బయటికి వస్తుంటే మాణిక్యమ్మ గారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నారు. "నా ప్రాణం కోసం మొక్కారమ్మా. నేను పోయినా ఆయన కాలు ఉండేది" అన్నారు.

నేను నోరు విప్పకపోతే నన్ను అడిగేవారు ఎవరూ లేరు. ఆవిడను ఆ మాట మీద వదిలేయడం నా వల్ల కాలేదు. పక్కన కూర్చుని అంతా చెప్పాను: ఆయన అడిగిన ప్రశ్న, నేను విన్న చప్పుడు, రాయకుండా వదిలేసిన సంగతి.

ఆవిడ ఏడుపు ఆపి, "అయితే ఆ రోజు మీరు వద్దంటే ఎక్కేవారు కాదు కదమ్మా?" అన్నారు.

"ఎక్కేవారు కాదండి" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి డ్రెస్సింగ్‌కు వేరే నర్సును పంపమని వార్డులో చెప్పారట. అలా అడగడం న్యాయమే. ఆ తర్వాత వాళ్ళిద్దరినీ నేను చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అంకె కింద చప్పుడు ఎలా ఉందో రాశాను. షుగరు పాతదైతే కాలి బొటనవేలికి చిన్న పట్టీ కట్టి మళ్ళీ కొలిచాను, వేలి నాళాలు అంత తొందరగా బిరుసెక్కవు కనుక. కొత్తగా వచ్చిన నర్సులకూ అదే నేర్పాను. ముందే కనిపెట్టినా సుబ్బారావు గారి కాలు దక్కేదో లేదో చెప్పలేను. గట్టిపడిన నాళం గురించి ఆ రోజుకి నాకు తెలియదన్నది నిజం. చప్పుడు తేడాగా ఉందని రాయడానికి మాత్రం అది తెలియాల్సిన పని లేదు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే, డాక్టరు గారు సంతకం పెట్టే ముందు ఆగేవారు.