దవాఖానా మోటరు

ఆ రోజుల్లో పెళ్లికొడుకు ఎలా ఉంటాడో పెళ్లికూతురికి తప్ప ఊరందరికీ తెలిసేది. నిజాం పాలన పోయింది, కొత్త సర్కారు వచ్చింది, మా తాండూరులో ఆడపిల్లలను మిడిల్ స్కూలు దాకా చదివించవచ్చని పెద్దలు కూడా మెత్తబడ్డారు. కానీ చేసుకోబోయేవాణ్ణి ముందుగా ఒకసారి చూస్తానని పిల్ల నోరు విప్పిందో, ఇక అంతే సంగతులు. ('గంత ఆత్రమేందమ్మా నీ బిడ్డకు?' అని ఒక్క మాట లేస్తే చాలు, వెనకాలున్న చెల్లెళ్ల సంబంధాలు కూడా తప్పిపోయేవి.) అలాంటి కాలంలో నేను పెళ్లికొడుకును చూడటానికి బస్సెక్కి వెళ్లాను. అదీ క్షయరోగి వేషంలో. వేషం నేను వేసుకున్నది కాదు, వికారాబాద్ జనం వేసిపెట్టారు.

నాకొచ్చిన సంబంధం మర్పల్లి వాళ్లది. పిల్లవాడు వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్ట మీద క్షయ దవాఖానాలో కంపౌండరు. సర్కారు నౌకరీ అని నాన్న మురిసిపోయాడు. నా స్నేహితురాళ్లు మాత్రం బావి దగ్గర నన్ను చుట్టుముట్టి, 'టీబీ దవాఖానాలనా? ఆయన చెయ్యి వట్టుకుంటే నీకు గుడ అంటుకుంటది పో' అని కడవలు ఎత్తుకుని చక్కా పోయారు. నాకు తిండి సయించలేదు. నాన్న మంచివాడు, 'మర్పల్లిల మీ మామ ఇంట్ల మాటముచ్చట వెట్టుకున్నం బిడ్డా. నీకిష్టం లేకుంటే ఆడ్నే చెప్పు, జబర్దస్తీ లేదు' అని, ఒక రోజు ముందే అక్కడికి వెళ్లిపోయాడు. అంటే మర్నాడు నేను అవునో కాదో చెప్పాలి. ఎవరి గురించి చెప్పాలో ఆ మనిషిని నేను చూసిందే లేదు.

నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది మా చిన్నమ్మ, అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే కాస్తే పెద్ద. తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఒక బండి, అక్కడ దిగి మర్పల్లికి ఇంకో బండి. ఆ రెండో బండి సాయంత్రం గానీ లేదు. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చున్నానేమో, ఇంజను బొగ్గుపొగ గొంతులోకి పోయి దగ్గు, నలుసులు పడి కళ్లు ఎర్రగా చింతనిప్పులు. ప్లాట్‌ఫారం మీద నీళ్లు తాగించి చిన్నమ్మ అంది: 'పొద్దుగూకే దాక గీడ ఈగలు తోలుకుంట కూసుందామా? గుట్టమీదికి వోయి దేవుణ్ణి మొక్కి వద్దాం పా.' అనంతగిరి మీద పద్మనాభస్వామి గుడి ఉంది. చిన్నమ్మ దేవుడి పేరే ఎత్తింది గానీ, మొక్కబోయేది ఏ దేవుడికో ఇద్దరికీ తెలుసు. నేను చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి లేచాను.

స్టేషను బయట మోటరు నిలబడి ఉంది. (మేము బస్సును మోటరనే అనేవాళ్లం.) జాతర రోజుల్లో తప్ప గుడికి మోటరులో పోయేవాళ్లు ఉండరని, మామూలు రోజున అది ఎక్కి 'అనంతగిరి' అన్నవాళ్లెవరైనా దవాఖానాకేనని తాండూరు నుంచి దిగిన మాకేం తెలుసు? చిన్నమ్మ 'అనంతగిరికి రెండు టికెట్లు' అనగానే కండక్టరు గొంతు తగ్గించి, 'బీమార్ మనిషెవరమ్మా, నువ్వా, గీ పిల్లనా?' అన్నాడు. నాకు ఆ క్షణానే దగ్గొచ్చింది. ఇంక జవాబు అక్కర్లేకపోయింది. 'అయ్యో, మేం తాండూరు సంది గుడికి పోతున్నమయ్యా!' అని చిన్నమ్మ మొత్తుకుంటే, 'అందరు గట్లనే అంటరు తల్లీ. దీంట్ల సిగ్గేముంది?' అని మా పక్క కూర్చున్నవాళ్లను లేపేశాడు. మోటరంతా జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, మా బెంచీ మీద మాత్రం మేమిద్దరమే మహారాణుల్లా కూర్చున్నాం. జామపండ్ల గంప పెట్టుకున్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, 'పాపం, లేత పిల్ల. పెండ్లన్న అయిందో లేదో' అని కళ్లొత్తుకుంది. బషీరాబాద్ నుంచి వచ్చిన ఒక తాత దూరం నుంచే, 'గుడ్డు వెట్టు తల్లీ, పాలు తాపు, మల్ల కండ వడతది' అని అరిచాడు. నాకు నవ్వాగలేదు. నవ్వాపుకుంటే దగ్గు, దగ్గితే జనం ఇంకాస్త వెనక్కి. చిన్నమ్మ నా తొడ మీద గిల్లీ గిల్లీ తన వేళ్లే నొప్పి పుట్టించుకుంది.

గుడి దారి దగ్గర ఆపమంటే కండక్టరు వింటేనా! నేరుగా దవాఖానా గేటు ముందే ఆపి, నన్ను మోచెయ్యి పట్టి దించి, 'మర్పల్లి కంపౌండర్ సాబ్! తాండూరు సంది మనిషొచ్చింది, జర జల్ది చూడుండ్రి, మస్తు దగ్గుతున్నది!' అని కేక వేశాడు. వరండాలోంచి తెల్లకోటు వేసుకున్న ఒక సన్నటి, కళ్లద్దాల మనిషి గబగబా వచ్చాడు. ఇతడే! ఇప్పుడు రోగం లేదని చెబితే, మరి ఎందుకొచ్చావంటాడు. నిన్ను చూడటానికని చెబితే పెళ్లి చెడిపోతుంది, నాన్న పరువు గుట్ట దిగిపోతుంది. అందుకని నేను ఇంకో రెండు దగ్గులు గట్టిగా దగ్గాను. ఏం చేయను మరి?

నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. మోటరులో అంతమంది నా నుంచి దూరం జరిగారా, ఈయన మాత్రం స్టూలు లాక్కుని నా ఎదురుగా, దగ్గరగా వచ్చి కూర్చున్నాడు. మూతికి గుడ్డైనా అడ్డం పెట్టుకోలేదు. 'పేరేంది?' అంటే చిన్నమ్మ కంగారులో తన అత్తగారి పేరు చెప్పేసింది: 'బుచ్చమ్మ.' 'ఎన్నొద్దుల సంది దగ్గు?' అన్నాడు. 'పొద్దుగాల సంది' అన్నాను నిజమే చెబుతూ. ఆయన నవ్వి, ఎంతో మెత్తగా, 'దాచుకోకు చెల్లె, నాకు చెప్తే ఏం గాదు' అన్నాడు. అంతే! చిన్నమ్మ తేలు కుట్టినట్టు లేచి, 'చెల్లె అనకుండ్రి! ఏమన్న అనుండ్రి గని చెల్లె మాత్రం అనకుండ్రి!' అని కేక పెట్టింది. కట్టుకోబోయేదాన్ని చెల్లె అంటే ఎవరికి మాత్రం ఊపిరాడుతుంది! ఆయన బిత్తరపోయి, 'మంచిది, బుచ్చమ్మ గారూ' అని సర్దుకుని, ఉమ్మడానికి మూత ఉన్న ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. (కాబోయే పెనిమిటి ఇచ్చిన మొదటి కానుక అదే. మా స్నేహితురాళ్లలో ఎవరికీ అంతటి కానుక రాలేదు.)

'పరేషాన్ గాకు. ఈడికొచ్చినోళ్లు మస్తుమంది నయమై ఇంటికి వోయిండ్రు. పెండ్లిండ్లు చేసుకున్నరు, పిల్లల్ని కన్నరు' అన్నాడు. నేను తల వంచుకునే, 'రోగమొచ్చిన పిల్లను ఎవరు చేసుకుంటరు?' అని అడిగాను. ఆ ధైర్యం ఎక్కడిదో! 'మనసున్నోడు చేసుకుంటడు' అన్నాడు ఆయన. బావి దగ్గర విన్న మాటలన్నీ నాకు ఆ నిమిషంలో పోయాయి. ఆ చేతులు పట్టుకోవాలని అనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. 'పడక ఖాళీగ ఉన్నది, ఇయ్యాల్నే చేరుండ్రి' అని ఆయన లేచాడు! ఇంతలో తిరుగు మోటరు హారను మోగింది. అది తప్పితే మర్పల్లి బండి తప్పుతుంది, అక్కడ పెద్దలంతా కూర్చుని ఉంటారు. 'ఇంట్ల చెప్పి వస్తం బాబూ!' అని చిన్నమ్మ నా చెయ్యి పట్టి లాగింది, డబ్బా బెంచీ మీదే వదిలి ఒకటే పరుగు. రోగిష్టి బుచ్చమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి లేడిలా ఉరకడం చూసి కండక్టరు నోరు తెరిచాడు. మోటరు కదిలాక వెనక్కి చూస్తే, తెల్లకోటు ఎగురుతుండగా ఆయన డబ్బా పట్టుకుని వెంటబడి వస్తున్నాడు. 'దగ్గును గట్ల ఇడ్సిపెట్టకుండ్రి! మల్ల రావాలె!' అని అరుస్తున్నాడు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి, 'వస్త! తప్పకుండ వస్త!' అని అరిచాను.

మర్పల్లిలో నాన్న 'ఏమంటవు బిడ్డా?' అని పూర్తిగా అడగకముందే 'సరే' అన్నాను. మామ పకపక నవ్వాడు. పెళ్లిలో ఆయన నా తల మీద జీలకర్ర బెల్లం పెట్టి, తెర దించేసరికి నా ముఖం చూసి, చెయ్యి తీయడం మరచిపోయారు. పురోహితుడు రెండోసారి దగ్గాక గానీ కదలలేదు. 'బుచ్చమ్మ గారా?' అన్నారు గొణుగుతూ. 'వస్తనన్న గద' అన్నాను.

'నాకు ఆ దినమే అనుమానమొచ్చింది. చెల్లె అంటే గట్ల లేస్తరా ఎవలన్న?' అని ఆయన ఇప్పటికీ అంటారు. అంత తెలివే ఉంటే రోగం లేనిదాని వెనక డబ్బా పట్టుకుని ఎందుకు ఉరికారని నేను ప్రతిసారీ నోరు మూయిస్తాను. ఇదంతా రాస్తుంటే ఇవాళ తట్టింది: రోగం లేదని తెలిసే ఉరికారేమో! ఇంత కాపురం చేసి, నా బుర్రకు ఇప్పుడు తోచింది చూడండి. అడుగుదామని లేచి లోపలికి వెళ్తే పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. ఆ తాండూరు పిల్లయితే తట్టి లేపి అడిగేది. నేను చప్పుడు చేయకుండా ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, నాలో నేనే నవ్వుకుంటూ వచ్చేశాను.