నాకంటే ముందు తోటకొచ్చిన మనిషి

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసే ఇంట్లో పెరిగాను నేను. మా అత్తయ్య సువార్తమ్మకు ప్రార్థన తప్ప తాయెత్తు తెలియదు. ఆ తర్వాత నా బతుకంతా చమురు పైపులైన్లతోనే గడిచింది. చిన్న ఇంజనీరుగా చేరి, జనరల్ మేనేజరుగా రిటైరయ్యాను. దేనికైనా ఒక కారణం ఉండి తీరుతుందని పదిమందికీ చెప్పినవాణ్ణి. ఈ ఒక్కదానికి మాత్రం చెప్పలేకపోయాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో అస్సాంలో ఒక చమురు కంపెనీలో చేరాను. మొదటి సెలవు మామిడికాయల కాలంలో దొరికింది. వస్తున్నట్టు ఎవరికీ కబురు పెట్టలేదు. బెజవాడలో రైలు దిగి, బస్సులో ఆగిరిపల్లి చేరి, మిట్టమధ్యాహ్నం అత్తయ్య ఉండే మామిడితోటకు నడిచాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తయ్యే. ఆ ఏడు తోట కౌలుకు తీసుకుని కాయ కోయిస్తోంది.

నన్ను చూసి ఎదురు రాలేదు. చేతిలో గంప అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"మళ్ళీ వచ్చావేంట్రా?" అంది.

"మళ్ళీ ఏంటి అత్తయ్యా? ఇప్పుడేగా రావడం."

"నిన్న వచ్చావు కదరా. పిలిస్తే పలకలేదు. పాకలో కూర్చుని నీళ్ళు తాగావు. 'తలుపు తియ్యనివ్వకు' అన్నావు. ఏ తలుపురా అని అడుగుతుంటే లేచి చెట్లలోకి వెళ్ళిపోయావు."

ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. గడ్డి పరిచి కాయలు పేరుస్తున్న కూలిమనిషి మరియమ్మ తలెత్తింది. "నీళ్ళు ముంచిచ్చింది నేనేనండీ" అంది.

నిన్న ఆ వేళకు నేను రైల్లో ఒరిస్సా దాటుతున్నాను.

సెలవంతా ఆ మాట నన్ను వదల్లేదు. తిరిగి ఉద్యోగానికి వెళ్ళాక ఏ తలుపు తియ్యబోయినా ముందు కిటికీలోంచి తొంగిచూసేవాణ్ణి. తోటివాళ్ళు నవ్వేవారు.

వానలు వెనకబట్టాక, కొన్నాళ్ళుగా మూసి ఉంచిన ఒక పంపుహౌస్‌ను మళ్ళీ నడిపించడానికి వెళ్ళాం. మా పై అధికారి నోట్లో చుట్ట వెలుగుతోంది. తలుపు తియ్యమన్నాడు. వాచ్‌మన్ తాళంచెవి పెట్టాడు. "తియ్యొద్దు!" అని అరిచి అతని చెయ్యి పట్టేసుకున్నాను.

అధికారి మండిపడ్డాడు. ముందు చుట్ట పారేయండి, వెనక కిటికీలోంచి చూద్దాం అని బతిమాలాను. విసుక్కుంటూనే దాన్ని దూరంగా బురదలోకి విసిరాడు.

కిటికీలోంచి చూస్తే లోపల నేలంతా పెట్రోలు. ఎక్కడో పైపు జాయింటు వదిలింది. గాలి మా వెనకనుంచి వీస్తోంది, అందుకే వాసన రాలేదు. అధికారి వెళ్ళి బురదలో ఆ చుట్ట ఆరిందో లేదో చూసి వచ్చాడు.

ఆ రోజు నుంచి నాకు జాగ్రత్తపరుడని పేరొచ్చింది. పెద్ద పనులు అప్పగించడం మొదలుపెట్టారు. ఎలా కనిపెట్టావని అడిగితే ఏదో అనిపించిందనేవాణ్ణి.

మరుసటి సెలవులో అత్తయ్యను కూర్చోబెట్టి అడిగాను, ఆ వచ్చినవాడు నిజంగా నేనేనా అని.

"నువ్వు కాక ఇంకెవర్రా? నా చేతుల్లో పెరిగినవాణ్ణి గుర్తుపట్టనా?" అంది. కాసేపు ఆగి, "కాకపోతే జుట్టంతా తెల్లగా ఉంది. దారి దుమ్మేమో అనుకున్నాను. నడుస్తుంటే ఆయాసపడ్డావు కూడాను" అంది.

ఇప్పుడు నా జుట్టు పూర్తిగా తెల్లబడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వేసవి వస్తే పిల్లలు ఆ తోట చూపించమంటారు. ఏదో ఒక వంక చెప్పి ఆపుతున్నాను. అక్కడ చెట్లలోంచి అత్తయ్య, ఆనాటి వయసులో, నన్ను పిలుస్తుందేమోనని భయం.