చక్రాల ఓడ

నేను సముద్రాన్ని మొదటిసారి చూసేసరికి నాకు మనవలు పుట్టారు. ఓడల్లో రకాలు మాత్రం ఎనిమిదో ఏటికే వచ్చు. మా ఊరు కల్వకుర్తి దారిలో బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వస్తుంది. వానాకాలంలో కూడా కుంటలో కూర్చున్న బర్రెకు వీపు తడవని ఊరు. అలాంటి చోట ఒక ఆడపిల్లకు ఓడల విద్య అబ్బిందంటే అది దేవుడి దయ. కొంత చెదల దయ కూడా.

మా నాన్నను బాపు అనేదాన్ని. ఆయన దొరగారి గడిలో, అంటే కోటలాంటి ఆ ఇంట్లో, ఉర్దూ కాగితాలు రాసే మున్షీ. దొర కుటుంబం పట్నానికి మకాం మార్చినప్పుడు, బండ్లకెక్కని సామానంతా వరండాలో పడేసి పోయారు. తలా ఒకటి తెచ్చుకున్నారు. బాపు ఇంగ్లీషు ఓడల బొమ్మల పుస్తకం తెచ్చాడు. దాన్ని దొర ఏనాడూ తెరవలేదని చూస్తేనే తెలిసేది. చెదలు తెరిచాయి. కింది నుంచి తినుకుంటూ వచ్చి, ప్రతి పేజీలోనూ సముద్రాన్ని పూర్తిగా తినేసి, ఓడ దగ్గర ఆగిపోయాయి. అందుకే నాకు తెలిసిన ఓడలన్నీ నీళ్లు లేకుండానే నిలబడి ఉండేవి. మా వైపు పుట్టినవాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు.

ఊళ్లో ఆడపిల్లలకు బడి లేదు. బాపు నాకు తెలుగు పలక మీద, ఇంగ్లీషు ఆ పుస్తకంలో నేర్పాడు. తెరిచే ముందు దాన్ని కళ్లకద్దుకునేదాన్ని. బాపుకూ సముద్రం తెలియదు కనుక తెలిసినవాటితోనే చెప్పేవాడు.

"మూడంతస్తుల నిండ ఫిరంగులు, నూటికి మించి ఉంటే అది మొదటి రకం తెరచాపల యుద్ధనౌక. మందల పెద్ద పొట్టేలు లెక్క. నిలబడి కొట్లాడుతది గని ఉరకలేదు. గీ ఫ్రిగేటును చూడు, ఒక్కటే వరస ఫిరంగులు. ఇది కుక్క లెక్క. ఉరుకుతది, వాసన పడతది, దుష్మన్ యాడున్నడో చూసొచ్చి చెప్తది."

ప్రయాణికుల ఓడ వంతు వచ్చినప్పుడు మాత్రం బాపు పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. దాన్ని నిలువునా కోసి లోపలి గదులన్నీ చూపించిన బొమ్మ అది. పై అంతస్తులో పూలకుండీలు, తెల్లటి బల్లలు. అట్టడుగున బొగ్గు, బొగ్గు పక్కనే ఒకరి మీద ఒకరు పడుకున్న జనం.

"గిది గడి, బిడ్డ," అన్నాడు. "మన గడే నీళ్ల మీద పోతాంది. పైన దొర, కింద మనం. ఫరక్ ఏందంటే, గీడ కిందోళ్లు టిక్కెట్టు కొనుక్కొని మరీ కిందున్నరు."

రాష్ట్రాలు కలిసిన కొత్తలో మా ఊరికి ఆడపిల్లల బడి మంజూరైంది. పటేలు తన గొడ్ల కొట్టంలో సగం ఖాళీ చేయించి బోర్డు కట్టించాడు. మిగతా సగంలో గొడ్లు ఉండేవి, హాజరులో వాటికి సాటి లేదు. బయటి నుంచి పంపిన పంతులమ్మలిద్దరూ బస్సు దిగిన చోటే ఊరెంత దూరమో కనుక్కొని, తిరుగు బస్సు వచ్చేదాకా రాయి మీద కూర్చొని వెళ్లిపోయారు. అప్పుడు పటేలు మా ఇంటికి వచ్చాడు.

"చదువొచ్చిన ఆడపిల్ల ఊళ్ల నీ బిడ్డ ఒక్కతే," అన్నాడు బాపుతో. "సర్టిఫికెట్ లేకుంటే ఏమాయె, పిల్లలకేమన్న ఉన్నదా?"

నన్ను టెంపరరీగా పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, తగును అని రాస్తేనే కొలువు నిలుస్తుంది. అప్పటికి బాపు రెండు కళ్లనూ మోతిబిందు పొర కమ్మేసింది, రాత పని ఆగిపోయింది. మా పొయ్యి వెలగడమూ ఆరడమూ ఆ ఇన్‌స్పెక్టరు కలం మీద ఉంది.

పై నుంచి వచ్చిన వాచకంలో నాలుగో పాఠం ఓడ మీద. మా పిల్లలకు పడవే తెలియదు. అందుకని ఇంటి నుంచి పుస్తకం తెచ్చి పేజీ పేజీ చూపించాను. గొర్లు కాసే ఇంటి పిల్ల ఒకతి ఉండేది, ఎనిమిదేళ్లది. పొట్టేలు, కుక్క అన్న బాపు మాటలు విన్నాక ఏ నౌకనూ ఇక మరచిపోలేదు.

ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవారు. వారిది రేవు ఉన్న ఊరు. ఆ సంగతి మా నమస్కారం అందుకోక ముందే చెప్పారు.

"ఏవమ్మా, ట్రైనింగు ఎక్కడ?"

"ఇంట్లనే చదువుకున్న సార్."

"చదువుకున్న కాదు, చదువుకున్నానండీ అనాలి. నువ్విలా మాట్లాడితే పిల్లలేం కావాలి?"

పిల్లలు అప్పటికే అలాగే మాట్లాడుతున్నారని నేను చెప్పలేదు. నోరు తక్కువ తెరవడం మంచిదనుకున్నాను.

నాలుగో పాఠం పేరు చూడగానే ఆయన సుద్దముక్క తీసుకున్నారు. "ఓడ సంగతి మీకేం తెలుస్తుందిలే. మా అరుగు మీద కూర్చుంటే ఓడలు కనపడతాయి. నే చెబుతాను." ఆయన గీసిన ఓడకు మూడు కొయ్యలు, వాటి నిండా తెరచాపలు. మధ్యలో రెండు పొగగొట్టాలు. పక్కన వరసగా ఫిరంగులు. పైన గొడుగులు, పెట్టెలు పట్టుకున్న ప్రయాణికులు. ఏ కాలంవారికీ ఏ లోటూ రానివ్వని ఓడ.

గొర్ల ఇంటి పిల్ల లేచింది. "సార్, తెరచాపలుంటే గాలికి పోతది గద. మల్ల పొగగొట్టమెందుకు?"

ఆయన బోర్డు వైపు చూశారు. బోర్డు సాయం చేయలేదు.  మా కురుమూర్తి స్వామి దయ వల్ల అలాంటి ఓడలు నిజంగానే ఉండేవి. "ఆవిరి యంత్రాలొచ్చిన కొత్తల రెండూ ఉంచిన్రు బిడ్డ," అన్నాను. "యంత్రం మీద ఇంకా నమ్మకం కుదరలే."

"అదే నేను చెప్పబోతున్నాను," అన్నారాయన.

పిల్ల కూర్చోలేదు. "మరి పెట్టెలు వట్టుకున్నోళ్ల ఓడకు ఫిరంగులెందుకు సార్?"

మళ్లీ స్వామి దయే. పెద్ద యుద్ధాల్లో ప్రయాణికుల ఓడలకు కూడా ఫిరంగులు బిగించారని పుస్తకంలో ఉంది. చెప్పాను. ఆయన అదీ చెప్పబోతున్నారట. తెలియక గీసిన గీత గీతకూ ఎక్కడో ఒక ఓడ దొరుకుతుండటం చూసి ఆయనకు హుషారు పుట్టింది. "ఇంకా ఏముంటాయర్రా ఓడకి?"

"కొన్నిటికి చక్రాలుంటయి సార్," అంది పిల్ల.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు నవ్వారు. "చక్రాలా? మరి ఎడ్లని కూడా కడతారా?"

"ఎడ్లెందుకు సార్, లోపట ఆవిరుంటది."

ఆ మాటకు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వు ఆగింది. పిల్లను గోడకుర్చీ వేయమన్నారు. అది పేడతో అలికిన గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చుంది. నా వైపు చూడలేదు. పంతులమ్మ చెప్పిందని కూడా అనలేదు.

"నువ్వు చెప్పవమ్మా," అన్నారు నాతో. "ఓడకి చక్రాలుంటాయా?"

చక్రాలు లేవంటే కొలువు నిలుస్తుంది. పిల్ల కాళ్లు వణుకుతున్నాయి. కురుమూర్తి స్వామిని తలుచుకున్నాను. ఆయన అబద్ధమాడమనీ అనలేదు, నిజం చెబితే పొయ్యి సంగతి తాను చూసుకుంటాననీ అనలేదు.

"ఉంటయి సార్," అన్నాను. పుస్తకం కళ్లకద్దుకొని ఆ పేజీ తీసి ముందు పెట్టాను. పొగ ఓడ, దాని పక్కన నీళ్లను తోసే పెద్ద చక్రం.

ఆయన తిప్పి తిప్పి చూశారు. "ఇది బండిలా ఉంది. నీళ్లేవీ?"

"నీళ్లు చెదలు తిన్నయి సార్."

ఆయన జేబులోంచి కలం తీసి ఆ మాట రాసుకున్నారు. నెల తర్వాత పటేలుకు వచ్చిన రిపోర్టు నకలు నేనూ చదివాను. టీచరు భాష మొరటు. సముద్రపు నీటిని చెదలు తిన్నాయని బోధించుచున్నారు. ఒక సంవత్సరం టెంపరరీగానే ఉంచి, మరల పరీక్షించవలెను.

ఆయనకు నేను రుణపడి ఉన్నాను. తీసేయమని రాయలేదు. నడిచి వచ్చే ఇంకో పంతులమ్మను వెతకడం ఆయనకూ కష్టమే మరి.

ఏడాది తిరిగాక మళ్లీ వచ్చారు. వస్తూనే సుద్దముక్క అందుకున్నారు. ఈసారి తెరచాపలు లేవు, ఫిరంగులు లేవు. ఒక పొగగొట్టం, పక్కన పెద్ద చక్రం, కింద బోలెడన్ని నీళ్లు. చక్రం ఆకులు కూడా లెక్కగా వేశారు. ఏ పుస్తకం తిరగేశారో గానీ శ్రద్ధగా తిరగేశారు.

"ఓడలకి చక్రాలుండేవని మీలో ఎవరైనా విన్నారర్రా?" అని అడిగారు.

నిరుడు గోడకుర్చీ వేసిన పిల్ల ఒకసారి ఆయనను చూసింది, ఒకసారి నన్ను చూసింది. లేచి చేతులు కట్టుకుంది.

"తెల్వది సార్. మీరే చెప్పున్రి."

ఆయన చెప్పారు. చాలా బాగా చెప్పారు. పిల్లలందరూ కొత్తగా వింటున్నట్టు నోళ్లు తెరిచి విన్నారు. నేను తలవంచుకున్నాను. ఆయన అక్కడే కూర్చొని, తగును అని రాశారు.

నిరుడు నిజం చెప్పి పోగొట్టుకున్నది, ఆ ఏడు పిల్ల ఆడిన అబద్ధంతో దక్కింది. ఆ తప్పు పిల్ల ఖాతాలో వేయవద్దని స్వామికి ఆ సాయంత్రం గుడిలో దీపం పెట్టి మొక్కుకున్నాను. ఇంటికి చేరేసరికి బాపు గడప మీద కూర్చొని నా అడుగుల చప్పుడు విన్నాడు.

"ఏమాయె బిడ్డ? ఏమన్నడు?"

"కొలువు ఖాయమైంది బాపు. ఓడకు చక్రాలుంటయని చెప్పిండు."

"ఉంటయా మరి?"

"ఇయ్యాల్టి నుంచి ఉంటయట."